బావిలో వేసిన హద్దురాళ్లు

మా వీధిలో నన్ను వెనకాల వకీలమ్మ అంటారు. ముఖం మీద అనరు, నా నోటికి జంకుతారు. నేను వకీలును కాను. పదో తరగతి దాకా చదివి, కల్లు గీత పని మానుకుని సిరిసిల్లలో సాంచెలు పెట్టుకున్న ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. మరమగ్గాలను ఇక్కడ సాంచెలంటారు. ఎవరైనా గది కిరాయికి ఇచ్చామని చెబితే, "రాసుకున్నరా?" అని అడుగుతాను. పాత సాంచెలు అమ్మామన్నా అదే అడుగుతాను. పిల్లకు విడాకులయ్యాయి, పెద్దమనుషుల్లో తెంపుకున్నాం అని ఎవరైనా చెబితే, పాపం వాళ్ల ఏడుపు ఇంకా ఆరకముందే ఆ ప్రశ్న నా నోట్లోంచి ఊడిపడుతుంది.

మా ఆయనా, మా బావా సాంచెల షెడ్డు పంచుకున్నప్పుడు, దారం మూటలు తెచ్చే సందు ఎవరి వాటాలో ఉన్నా ఇద్దరూ నడవాలని రిజిస్ట్రీ కాగితంలో రాయించేదాకా నేను ఊరుకోలేదు. బావ చాలా నొచ్చుకున్నాడు.

"మనల మనకు కాయితమేంది? ఇజ్జత్ తీస్తున్నవ్" అన్నాడు.

"మనల మనకే కావాలె బావా. పరాయోడచ్చి నా బాట ఎందుకు మూస్తడు?" అన్నాను.

అప్పటినుంచి బావ నాతో సరిగా మాట్లాడడు. మాట్లాడకపోతే పోనీ. సందు మాత్రం తెరిచే ఉంది.

నా ఈ రోగం పుట్టింది మల్యాల పక్కన మా పుట్టినూళ్లో, ఒక బండ్ల బాట దగ్గర. మా తాత పోయాక నాన్నా, పెద్దనాన్నా భూమి పంచుకున్నారు. రోడ్డు పక్కది పెద్దనాన్నకు వచ్చింది. దాని వెనకది, బావితో సహా, నాన్నకు వచ్చింది. వెనక భూమికి పోవాలంటే పెద్దనాన్న భూమి అంచున ఎడ్లబండి పట్టేంత బాట ఉండేది. తాత కాలం నుంచీ అదే బాట. పెద్దమనుషులు కూర్చుని, నోటితోనే వాటాలు చెప్పారు. మా వాళ్లు గీతవాళ్లు కాబట్టి అప్పుడే చెట్టు మీంచి దించిన కల్లు లొట్టి నడుమ పెట్టి, అన్నదమ్ములిద్దరూ రేకలు, అంటే తాటాకు దొన్నెలు, పట్టి తాగారు. తాగితే ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత ఎవడైనా మాట తప్పితే కులంలో వాడికి రేక పట్టేవాడు ఉండడు. మా దగ్గర రిజిస్ట్రీ అంటే అదే.

ఆ రోజు పట్వారీ కూడా వచ్చాడు. ఇప్పుడు తలచుకుంటే ఆ ఒక్క విషయంలో ఆయన మంచివాడే. "పహాణీల ఇద్దరి పేర్లు ఎక్కియ్యన్నా?" అని అడిగాడు. పహాణీ అంటే ఏ భూమి ఎవరిదో రాసే ఊరి రికార్డు. మా నాన్న నవ్వాడట.

"అన్న పేరుంటె నా పేరున్నట్టే గదా. నా పేరు ఎక్కిస్తె అన్నను నమ్మనట్టు కాదా?"

ఈ మాటను మా ఊళ్లో వాళ్లు చాలా కాలం మెచ్చుకుంటూ చెప్పుకున్నారు. తమ్ముడంటే అట్లుండాలన్నారు. నేను మాత్రం ఆ మాటను ఎన్నడూ మెచ్చుకోలేదు. మా వైపు ప్రతి ఊళ్లో ఇట్లాంటి తమ్ముళ్లున్నారు. పేరు రాయించుకోవడం వాళ్లకు అవమానం.

పెద్దనాన్న చెడ్డవాడని చిన్నప్పుడు నాకెవరూ చెప్పలేదు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని కొండగట్టు జాతరకు తీసుకుపోయింది ఆయనే. పంపకమయ్యాక ఒక ఏడాది వానలు బాగా పడ్డాయి. ఆయన బాట కూడా కలిపి దున్ని మక్కజొన్న వేశాడు. "ఒక్క పంట తీసుకుంటరా, మల్ల ఇడుస్త" అన్నాడు. నాన్న సరేనన్నాడు. తర్వాతి ఏడు కూడా దున్నాడు. ఈసారి అడగనైనా లేదు. మాది పసుపు చేను. బండి పోయే దారి లేక అమ్మా నాన్నా తవ్విన పసుపును గంపలకెత్తి, నెత్తిన పెట్టుకుని, చేను గట్ల మీద కాలు జారుతూ రోడ్డుకు మోశారు. అమ్మ మెడ పట్టేసి తల తిప్పలేకపోయేది. ఒకనాడు గట్టు మీద నిలబడి ఆమె బావగారని కూడా చూడకుండా కడిగేసింది. పెద్దనాన్న గొడ్డలి కామ ఎత్తాడు. కొట్టలేదు, కానీ ఎత్తాడు.

నాన్న పట్వారీ దగ్గరికి పోతే, "రికార్డుల నీ పేరే లేకపాయె. నీకు బాట యాడిది?" అన్నాడు. కుల పెద్దలను పిలిస్తే, ఈ పంటకు పోనీయమన్నారు, ఆ పంటకు పోనీయమన్నారు. చివరికి అమ్మే అన్నది.

"సంఘపోళ్ల కాడికి పో. అందరు పోతలేరా?"

అందరూ పోతున్న మాట నిజం. జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో అవి సంఘం రోజులు. కూలి రేట్ల తగువు, దొర జరిపిన పొలం గట్టు తగువు, పెండ్లాన్ని కొట్టినవాడి తగువు, అన్నీ వాళ్ల దగ్గరికే పోయేవి. కోర్టుకు పోతే ముసలివాళ్లమైపోతాం, ఠాణాకు పోతే దొర మనుషులే అక్కడ కూర్చుని ఉండేవారు. సంఘం వాళ్లు ఆ పూటకే తేల్చేవారు. జనం అన్నలని పిలిచేది వాళ్లనే, పోలీసులు నక్సలైట్లనేది వాళ్లనే.

అంగడి రోజు పట్టపగలు చావడి ముందర పంచాయితీ పెట్టారు. మాట్లాడినవాడు జగిత్యాల కాలేజీలో చదివి మానేసిన సన్నటి పిల్లవాడు. జలుబు చేసి మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటున్నాడు. ఊరంతా చుట్టూ నిలబడింది. అతను ఉపన్యాసం ఇవ్వలేదు. అన్నదమ్ములిద్దరినీ చేను దగ్గరికి నడిపించి, పెద్దనాన్నను ఒక్కటే అడిగాడు.

"మీ నాయిన బతికున్నప్పుడు బండి ఎటు నడిసేది పెద్దయ్యా?"

 పెద్దనాన్న చెయ్యి చాపి చూపించాడు. ఆయన భయపడలేదని నేననను. అంతమంది చుట్టూ నిలబడి ఉంటే ఎవరికైనా భయమే. కానీ ఎవరి చేతిలోనూ తుపాకి లేదు, ఎవరూ ఆయన మీద చెయ్యి వెయ్యలేదు. చూపించింది సరైన జాగానే. మొదటి హద్దురాయి ఆయనే పాతాడు. మిగతావి సంఘం కుర్రాళ్లు పాతి, అన్నిటికీ ఎర్ర రంగు పూశారు. నాన్న సంతోషంతో కల్లు లొట్టి తెచ్చి నడుమ పెట్టాడు. ఆ పిల్లవాడు వద్దన్నాడు.

"పంచాయితీల తాగుడు లేదు. చేతులు కలుపుకోండ్రి, గంతే."

ఇద్దరూ చేతులు కలిపారు. కల్లు అట్లాగే మిగిలింది. కుల పెద్దలు ఆ సాయంత్రం గొణుక్కున్నారట, రేక పట్టని ఒప్పందం ఏం ఒప్పందమని. అప్పుడు వాళ్లను చూసి అందరం నవ్వాం.

తర్వాత కొన్నేళ్లు మా బండి ఆ బాట మీదే నడిచింది. పెద్దనాన్నా మేమూ పలకరించుకున్నాం కూడా. ఈలోగా సర్కారు మా ప్రాంతాన్ని కల్లోలిత ప్రాంతమన్నది. ఊరి బడిలో పోలీసు క్యాంపు పెట్టారు. సంఘం పిల్లవాడు ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. సంఘానికి అన్నం పెట్టినవాళ్లనూ, జెండా కర్ర పాతడానికి గుంత తవ్వినవాళ్లనూ పట్టుకుపోయారు. తిరిగొచ్చినవాళ్లు నడవలేకపోయేవారు. ఎర్ర అంగీలు పెట్టెల అడుగుకు పోయాయి. మా బాట మీద మాత్రం ఎర్రరాళ్లు రోడ్డు మీది జీపుకు కనిపించేలా నిలబడి ఉన్నాయి.

ఎండాకాలం, మధ్యాహ్నం. ఊరంతా నీడకు చేరిన వేళ నాన్న గీత కత్తితో రంగు గీకడం మొదలుపెట్టాడు. తాటిచెట్టు మొవ్వు తప్ప ఎరగని కత్తి అది, రాయి మీద కిర్రుమంటుంటే నాకు పళ్లు జివ్వుమన్నాయి. పైన పోయింది గానీ రాతి గుంటల్లో ఎరుపు పోలేదు. నాన్న చెమటతో తడిసిపోయాడు.

"పీకెయ్యి. బాయిల ఎయ్యి. రాళ్లు పోతే పాయె, మనిషి ఉండాలె" అన్నది అమ్మ.

ముగ్గురం కలిసి పీకి, దొర్లించి, ఒక్కొక్కటే బావిలో వేశాం. నీళ్లు పైకెగిరి మా కాళ్ల మీద పడ్డాయి. తల ఎత్తి చూస్తే పెద్దనాన్న తన చేనులో, తుమ్మచెట్టు కింద నిలబడి ఉన్నాడు. మొత్తం చూశాడు.  ఆ రోజు ఆయన పోలీసులకు చెబుతాడేమోనని భయపడ్డాం. ఆయన చెప్పలేదు. అంతకంటే తెలివైన పని చేశాడు.

తొలకరికి బాటను మళ్లీ దున్ని, జగిత్యాల మున్సిఫ్ కోర్టులో దావా వేశాడు. భూమి తనదని పహాణీ చూపించి, తన పొలంలోంచి తమ్ముడు నడవకుండా ఆపమని అడిగాడు. వెనక భూమి జోలికి రాలేదు. "అది వాడు చేసుకుంటున్నడు, చేసుకోనీ" అన్నాడట పెద్ద ధర్మాత్ముడిలా.

కోరుట్లలో ఉండే మా మేనమామ ఒక వకీలును చూపించాడు. మంచి మనిషి. నాన్నను కుర్చీలో కూర్చోమన్న మొదటి చదువుకున్నవాడు ఆయనే. అమ్మతో పాటు నేనూ వెళ్లాను. వకీలు వరసగా అడిగాడు, నాన్న చెప్పాడు.

"బాట ఎన్నటి సంది ఉన్నది?"

"మా నాయిన ఉన్నప్పటి సంది సారూ."

"నడుమ మీ అన్న దున్నిండా?"

"దున్నిండు. మక్కేసిండు."

"మరి మల్ల ఎవరు తెరిపిచ్చిండ్రు?"

నాన్న తలుపు వైపు చూశాడు. వకీలు లేచి వెళ్లి తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు. ఇక చెప్పనవసరం లేకపోయింది.

"గా మాట ఈడనే మర్చిపో. నువ్వు నోరిడిస్తె భూమి కేసు కాదు, నీ మీద వేరే కేసైతది. క్యాంపోళ్లు నిన్ను తీస్కపోతె నేను కూడ ఇడిపియ్యలేను" అన్నాడు.

"మరి సాక్షులు? ఊరంత సూసింది గదా సారూ" అన్నది అమ్మ.

"సూసినమని చెప్పినోళ్లంత గా మీటింగుకు పోయినట్టే గదమ్మా. ఎవరస్తరు?"

ఎవరూ రాలేదు. నాన్న ఇంటింటికీ తిరిగాడు. కొందరు ఇంట్లో ఉండి లేమనిపించారు. కొందరు ఏడ్చారు. మా నోరు కట్టేసింది పెద్దనాన్న కాదు, మేం గెలిచిన ఆ పంచాయితీయే. గెలిచామని చెప్పుకుంటే క్యాంపుకు పోవాలి, చెప్పుకోకపోతే బాట పోతుంది.

కోర్టు భూమి చూసి రమ్మని ఒక కమిషనర్‌ను పంపింది. ఆయనా వకీలే. గొడుగేసుకుని రెండు పక్కలా తిరిగాడు. ఊరి జనం కొంతమంది దూరంగా గుమిగూడారు, పెద్దనాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాట ఉన్నదంటున్నవ్ గదా. హద్దురాళ్లేవి?" అని నాన్నను అడిగాడు.

 అక్కడున్న ప్రతి మనిషికీ రాళ్లు ఎక్కడున్నాయో తెలుసు. కమిషనర్ ఎండకు సొమ్మసిల్లేలా ఉంటే, నాన్న బావిలోంచి చేదతో నీళ్లు తోడి చెంబు నింపి ఇచ్చాడు. ఆయన గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

"నీళ్లు మంచిగున్నయి" అన్నాడు. తర్వాత హద్దు గుర్తులు ఏవీ కనబడలేదని రాసుకుని వెళ్లిపోయాడు.

నాన్నను బోనులో నిలబెట్టిన రోజు నేను వెనక బల్ల మీద అమ్మ పక్కన ఉన్నాను. మరో కేసు కోసం వచ్చిన హెడ్ కానిస్టేబుల్ మా ముందు బల్ల మీద కూర్చుని ఆవలిస్తున్నాడు. పెద్దనాన్న వకీలు సూటిగా బాట తెరిచిన సంగతికే వచ్చాడు. పెద్దనాన్నే దారి చూపించి ఉంటాడు.

"మక్కజొన్న పంట ఉన్న జాగాల మళ్ల బాట ఎట్లొచ్చింది? ఎవరు పెట్టిండ్రు? కోర్టుకు చెప్పు."

నాన్న హెడ్ కానిస్టేబుల్ వీపు వైపు చూశాడు. జడ్జి మళ్లీ అడిగాడు.  మూడో మారు గట్టిగా అడిగితే చెప్పాడు.

"నాకు యాదికి లేదు సారూ."

ఏ తాటిచెట్టుకు ఏ నెలలో కల్లు పారుతుందో, ఏది ఏ ఏడు పిడుగుపడి మాడిందో చెప్పగలిగిన మనిషి. ఆయనకు యాది లేదట. పెద్దనాన్న అప్పుడు మాత్రం తల వంచుకున్నాడు. ఆ తల వంపు కోసం ఆయనను క్షమించమని తర్వాత ఒకరిద్దరు నాకు చెప్పారు. నేను క్షమించలేదు.

దావాలో ఓడిపోయాం. బండి పోని భూమిని ఎవరు కొంటారు? చూడ్డానికి వచ్చినవాళ్లు రోడ్డు మీదే నిలబడి, "బాటేది?" అని అడిగి వెళ్లిపోయారు. కొనగలిగినవాడు ఒక్కడే, బాట మూసినవాడు. చెప్పిన ధరకు ఆయనకే ఇచ్చాం. బావి కూడా పోయింది, లోపలి రాళ్లతో సహా. మేం కోరుట్లకు మేనమామ నీడకు చేరాం. అమ్మ బీడీలు చుట్టింది. నాన్న పరాయి చెట్లు ఎక్కాడు. కరీంనగర్ పోవాల్సి వస్తే బస్సు మా చేను పక్కనుంచే పోయేది. నాన్న ఎప్పుడూ అవతలి వైపు సీటు చూసుకుని కూర్చునేవాడు. అటు సీటు దొరక్కపోతే నిలబడే పోయేవాడు. ఆయన పోయేదాకా ఆ భూమిని మళ్లీ చూడలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒక పగటిపూట పెద్దనాన్న చిన్న కొడుకు సిరిసిల్లలో మా గుమ్మం ముందు నిలబడ్డాడు. అప్పటికి పెద్దనాన్న లేడు. నాకంటే పెద్దవాడు, వెంట్రుకలు నెరిసిపోయాయి. సాంచెల చప్పుడులో వినబడక, లోపలికి రమ్మనక తప్పలేదు.

సంగతి ఏమిటంటే, అన్నదమ్ములు భూమి పంచుకున్నారు. ముందుది పెద్దోడికి, వెనకది వీడికి. పెద్దోడు బాట మూశాడు. అదే బాట.

నేను నవ్వాను. ఆ నవ్వు బాగాలేదని నాకూ తెలుసు.

"బాయి పూడిక తీస్తుంటె రాళ్లెల్లినయి చెల్లె. గుంటలల్ల ఎర్రరంగు ఇంక అట్లనే ఉన్నది" అన్నాడు. "బాట తాతల నాటిదే అని చెప్పెటోళ్లు ఎవలు లేరు. అందరు పోయిండ్రు. నువ్వొక్కదానివే ఉన్నవ్."

"మీ బాపు కోర్టుల ఏం చెప్పిండో నీకెర్కేనా?"

"ఎర్కనే."

"ఎర్కుండి నా కాడికి ఏ మొఖం పెట్టుకోని అచ్చినవ్?"

అతను లేవలేదు. కూర్చున్నచోట అట్లాగే కూర్చున్నాడు. మా ఆయన చాయ్ ఇప్పించాడు, నేను ఇయ్యలేదు.

చివరికి వెళ్లాను. జాలిపడి కాదు. మా నాన్న మింగేసిన ఆ మాటను అదే కోర్టులో, గట్టిగా, ఒక్కసారి నా నోటితో అనాలని వెళ్లాను. బోనెక్కి చెప్పాను. తాత బండి ఎటు నడిచేదో, మక్క ఎవరు వేశారో, సంఘం వాళ్లు ఎప్పుడు వచ్చారో, రాళ్లు ఎవరు పాతారో, ఎవరు పీకారో, అన్నీ చెప్పాను. సంఘం అన్న మాటకు ఎవరూ ఉలిక్కిపడలేదు. టైపు చేస్తున్న అమ్మాయి తల కూడా ఎత్తలేదు. ఏ మాటకు భయపడి మా నాన్న భూమి వదులుకున్నాడో, ఆ మాటను ఆ పిల్ల టకటకా కొట్టేసి తర్వాతి మాట కోసం ఎదురు చూసింది.

అప్పుడు పెద్దోడి వకీలు లేచాడు. చేతిలో పాత కేసు కాగితాలు.

"ఇదే కోర్టులో మీ నాయిన ప్రమాణం చేసి, బాట ఎవరు పెట్టిండ్రో యాదికి లేదన్నడు. మీరేమో అన్నీ చెప్తున్నరు. ఇద్దరిలో అబద్ధం ఎవరిది?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. వకీలమ్మనే గానీ అనుకోలేదు. భయపడ్డాడు అన్నాను. అది జవాబు కాదన్నాడు. జడ్జి కూడా, అవును లేదా కాదు అని చెప్పమన్నాడు.

"మా బాపే అబద్ధం చెప్పిండు" అన్నాను.

అదీ టైపు చేశారు. కింద సంతకం పెట్టమన్నారు, పెట్టాను.

కొన్నాళ్లకు తీర్పు వచ్చింది. చిన్నోడు గెలిచాడు. అదే రోజు కోర్టు బయట చిన్నోడి వకీలు సంతోషంగా వివరించాడు. అన్నదమ్ముల పంపకం కాగితం మీద ఉంది, వెనక భూమికి వేరే దారి లేదు, కాబట్టి చట్టం ప్రకారం ముందువాడు బాట ఇవ్వాల్సిందేనట. పాత సంగతులు కోర్టు లెక్కలోకి తీసుకోలేదట.

"అంటె నా సాక్ష్యం?" అని అడిగాను.

"దాని అవసరమే పడలేదమ్మా" అన్నాడు.

చిన్నోడు చాయ్ తాగిపొమ్మని చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుని బస్టాండుకు నడిచాను. మల్యాల మీదుగా పోయే బస్సు సగం ఖాళీగానే ఉంది. నేను నాన్న కూర్చునే అవతలి వైపు సీట్లో కూర్చున్నాను.